గోడలో రంధ్రం

గుడ్డ మళ్లీ మాయమైంది.

గరాజ్ గోడకి అడుగున పిడికిలి పట్టేంత రంధ్రం. బయట మంచు. అందులో డానుటా తన పాత స్వెట్టర్ కుక్కి రెండు రోజులు కాలేదు. ఇప్పుడు చూస్తే స్వెట్టర్ లేదు. చలిగాలి మాత్రం దర్జాగా లోపలికొస్తోంది.

చలికాలం వస్తే అలాంటి రంధ్రాల్ని గుడ్డలతో మూయని ఇల్లు ఆ ఊళ్లో లేదు. ఇంటి కింద గరాజ్, గరాజ్ మూల బొగ్గుపొయ్యి. ఇల్లంతటికీ ఆ పొయ్యి వేడే దిక్కు. సరిగ్గా గరాజ్ పైన ఏడేళ్ల ఓలా గది. పోయినేడు ఫిబ్రవరి రాకుండానే బొగ్గు అయిపోయింది. పిల్ల వసంతం దాకా దగ్గుతూనే ఉంది. ఈసారి అలా జరగకూడదని, వేడి బయటికి పోకుండా గరాజ్ గోడలకి అతికించడానికి డానుటా థర్మాకోల్ పలకలు తెప్పించింది.

పలకలు గేటు దగ్గర దింపిన రోజే వచ్చాడు విటోల్డ్. యాభై దాటిన మనిషి. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు.

"నేను అతికిస్తానమ్మా."

"ఏం తీసుకుంటారు?"

"వేడిగా ఇంత సూప్ పొయ్యండి, చాలు."

మొగుడు ఇంకొకామెతో హాలండ్ వెళ్లిపోయాక డానుటా మగవాళ్ల మాట నమ్మడం మానేసింది. కానీ ఈ మనిషి పని చూస్తే నమ్మబుద్ధేసింది. పలకకీ పలకకీ మధ్య వెంట్రుక దూరనివ్వలేదు. తలుపు సందులకి రబ్బరు పట్టీలు వేశాడు. ఓలా "మామయ్యా, మామయ్యా" అంటూ అతని వెనకాలే తిరిగింది.

పైకొచ్చి సూప్ తాగమంటే మాత్రం ఎన్నడూ రాలేదు. గరాజ్ మెట్ల మీదే కూర్చుని తాగేవాడు. మొదటిరోజే చీకట్లో చెయ్యి చాపి, అలమర వెనకున్న స్విచ్ టక్కున వేశాడు.

"భలేవారే! ఈ ఇల్లు కొన్న కొత్తలో అదెక్కడుందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది," అని నవ్వింది డానుటా.

అతను నవ్వలేదు.

ఆ స్వెట్టర్ ఇప్పుడు అతని పనిముట్ల సంచిలో దొరికింది.

"ఇదేంటి విటోల్డ్ గారూ?"

"ఆ రంధ్రం మూయొద్దమ్మా. పొయ్యికి గాలి కావాలి."

"పోయినేడూ మూశాను. ఏమైంది?"

"అప్పుడు తలుపు సందుల్లోంచి గాలి వచ్చేది. ఇప్పుడవన్నీ నేనే మూసేశాను."

"బాగుంది వరస! వేడి పోకుండా ఇంత చేసి, మళ్లీ దానికి దారి వదిలిపెడతారా? బొగ్గు కొట్టువాడేమైనా పంపాడా మిమ్మల్ని?"

"మీకు దణ్ణం పెడతాను. మూయొద్దు."

అంతలో పైనుంచి ఓలా అరిచింది. "అమ్మా! నా గదిలో బూటు మరకలు!"

డానుటా మెట్లెక్కి పరుగెత్తింది.

గుమ్మం నుంచి బీరువా దాకా పెద్ద పెద్ద బురద అడుగులు. ఎడమ అడుగు ఈడ్చిన గీత.

కిందికి దిగేసరికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది.

"భోజనానికి పిలిస్తే పైకి రానివాడివి! మేం చర్చికెళ్లిన టైం చూసుకుని నా కూతురి గదిలో దూరతావా? ఎందుకెళ్లావు? చెప్పు!"

"గది... ఒకసారి చూద్దామని..."

"నా చేతి సూప్ తాగి నాకే ద్రోహం తలపెడతావా? ఇంకొక్క మాట మాట్లాడావంటే పోలీసుల్ని పిలుస్తాను. నడు!"

విటోల్డ్ సంచి భుజాన వేసుకున్నాడు. మంచులో కాలీడ్చుకుంటూ బియావిస్తోక్ పట్నం వెళ్లే బస్సు వైపు వెళ్లిపోయాడు. ఒకసారి మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, ఓలా గది కిటికీ వైపు చూశాడు.

డానుటా ఇల్లంతా వెతికింది. పోయిందేమీ లేదు. కొత్తగా ఏమైనా చేరిందా అని చూడాలని మాత్రం ఆమెకి తోచలేదు.

మొదటిసారి మోసపోయినప్పుడు మొగుణ్ణి తిట్టుకుంది. ఈసారి తనని తానే తిట్టుకుంది. ఆ కోపంతోనే స్వెట్టర్‌ని రంధ్రంలోకి పిడికిలితో గుద్ది గుద్ది కుక్కింది.

ఇల్లు హాయిగా వెచ్చబడింది.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన ఓలా తలనొప్పని పడుకుంది. డానుటాకీ కళ్లు తిరుగుతున్నాయి. జలుబు చేస్తోందేమో అనుకుని పిల్ల పక్కనే వాలింది.

చెవులు చిల్లులు పడేలా మోత!

బీరువా మీద, అట్టపెట్టెల చాటున, తెల్లటి చిన్న డబ్బా ఆగకుండా కూస్తోంది. డానుటా తూలుతూ లేచి, పిల్లని ఎత్తుకుని మంచులోకి పరుగెత్తింది.

ఊరి అగ్నిమాపక దళం వచ్చింది. పెద్దాయన రోమన్ గరాజ్‌లోంచి స్వెట్టర్ పట్టుకుని బయటికొచ్చాడు.

"పొయ్యికి గాలాడక బొగ్గులోంచి విషవాయువు పుట్టి పై గదికి ఎక్కింది. దాన్ని పసిగట్టి ఆ డబ్బా కూయకపోతే ఇద్దరూ నిద్రలోనే పోయేవాళ్లు. మంచిపని చేశారు, పెట్టి."

"నేను పెట్టలేదు." డానుటా ఓలాని గట్టిగా హత్తుకుంది. "విటోల్డ్ అని ఒకాయన... ఆయనే పెట్టుంటాడు. నేను దొంగని తరిమినట్టు తరిమేశాను."

రోమన్ ఉలిక్కిపడ్డాడు. "ఎడమకాలు ఈడుస్తాడా?"

"అవును. ఎక్కడుంటాడు? వెళ్లి కాళ్ల మీద పడతాను."

"ఒకచోటని ఉండడమ్మా. చలికాలమంతా ఊరూరా తిరుగుతుంటాడు. ఈ ఇల్లు మీకెవరు అమ్మారు?"

"యజమాని బావమరిదట. యజమానికి ఈ ఊరు రావడం ఇష్టం లేదన్నాడు."

"ఎందుకో చెప్పలేదన్నమాట. మా ఊరివాళ్లూ చెప్పలేదన్నమాట."

రోమన్ చేతిలోని స్వెట్టర్‌ని చూశాడు. తర్వాత పై గది కిటికీని చూశాడు.

"ఆ రంధ్రంలోంచి నేను స్వెట్టర్ లాగడం ఇది రెండోసారి," అన్నాడు. "మొదటిది విటోల్డ్‌ది. ఆ రోజు పై గదిలో పడుకుని మళ్లీ లేవనిది అతని కూతురు."