ఎదుటివాళ్ళ లైట్లు

“వీడికి లైసెన్సు ఇచ్చినవాడెవడో చూపించండి, ముందు వాణ్ణి తంతాను!”

ఆయన స్టీరింగ్ మీద చేత్తో చరిచాడు. ఎదురుగా వచ్చిన కారు పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి. ఆయన కళ్ళు చికిలించి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“మళ్ళీ హైబీమ్! ఇంకా పూర్తిగా చీకటైనా పడలేదు. వీధిదీపాలు వెలుగుతున్నాయి. అవి వీడికి చాలవు. బండి చూస్తే అగ్గిపెట్టంత, వెలుగు చూస్తే అడవి తగలబడ్డంత!”

పక్కసీట్లో భార్య రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. వెనకసీట్లో ఆవిడ తమ్ముడు సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. ముగ్గురూ ఊరి చివర బంధువుల ఇంటికి వెళ్ళి వస్తున్నారు.

ఏడాదిగా ఇదే వరస. లోకంలో డ్రైవర్లంతా కూడబలుక్కుని ఒక్కసారే చెడిపోయారని ఆయన నమ్మకం. బైకులవాళ్ళు ‘టార్చిలైటు దొరికిన కోతులు’. లారీలవాళ్ళు ‘కొంపలంటించే కొరివిదయ్యాలు’. ఆ మధ్య అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ళ మోటారు గురించి మాట్లాడుకుంటుంటే ఆయన లేచి, లైట్లు ఎప్పుడు డిమ్ చెయ్యాలో అందరికీ క్లాసు పీకాడు. అప్పటినుంచి పిల్లలు ఆయనకి ‘డిమ్‌డిప్ తాతయ్య’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయన చెవిన పడింది. నొచ్చుకోకపోగా, కాస్త గర్వపడ్డాడు కూడా.

“బావగారూ,” అన్నాడు బావమరిది మెల్లగా, “ఇప్పుడు వెళ్ళింది డిమ్‌లోనే ఉందండీ.”

“ఏంటీ?”

“అంటే... నాకలా అనిపించింది.”

“నీకనిపించిందా? వెలుతురంటే ఏంటో, చూపంటే ఏంటో నువ్వు నాకు చెప్తావా? పొద్దస్తమానం లైటు కింద తలొంచుకుని పనిచేసేవాణ్ణి నేను!” ఆయన మీట నొక్కి తన లైట్లు కూడా హైబీమ్‌లో పెట్టాడు. “ముల్లుని ముల్లుతోనే తియ్యాలి వీళ్ళకి.”

ఎదుటివాళ్ళు హారన్లు మోగించారు.

“చూశావా? తనదాకా వస్తే గానీ నొప్పి తెలియదు వెధవలకి!”

మలుపు దగ్గర మరో కారు కనబడింది. “అదిగో, ఇంకో మహానుభావుడు వేంచేస్తున్నాడు” అంటూ ఆయన దానికి తిట్లు వెతుక్కుంటున్నాడు.

“ఏమండీ! సైకిలు!”

భార్య కేకకి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. టైర్లు కీచుమన్నాయి. సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మనిషి బంపరుకి జానెడు దూరంలో బిగుసుకుపోయాడు. వెనక క్యారియర్ మీద స్కూలు యూనిఫాంలో చిన్నపాప. ఏడవడం కూడా మర్చిపోయి తండ్రి చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

ఆయన దిగాడు. తలుపు ధడాలున వేశాడు.

“కళ్ళు నెత్తికెక్కాయా? చూసుకుని దాటలేవూ?”

“చెయ్యి ఊపుతూనే ఉన్నానండీ. మీరు ఇటే చూస్తున్నారు కదా, ఆపుతారనుకున్నా...”

ఎదుటి కారు కూడా ఆగింది. ఆయన దానిమీదికి వెళ్ళాడు. “అంతా నీ వల్లే! హైబీమ్ తెచ్చి కళ్ళలో పొడిస్తే మనిషెలా కనబడతాడు?”

ఆ కారు నడుపుతున్న అమ్మాయి అద్దం దించింది. “అంకుల్, నేనింకా హెడ్‌లైట్లే వెయ్యలేదు. ఇవి పార్కింగ్ లైట్లు. కావాలంటే చూడండి.”

ఆయన వంగి చూశాడు.

“చీకటి పడుతుంటే లైట్లు వెయ్యకుండా తిరుగుతావా? బుద్ధుందా?” అన్నాడు నిటారుగా నిలబడుతూ.

తిరిగి వచ్చేసరికి డ్రైవరు సీట్లో భార్య ఉంది. ఇంజను ఆన్ చేసే ఉంది.

“నువ్వా?”

“కూర్చోండి.”

దారంతా ఆయన అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. ఆవిడ గేర్లు మారుస్తూ వింది.

ఇంటికొచ్చి ఆయన లిఫ్టు ఎక్కాక, తమ్ముడు నసిగాడు. “అక్కా, నేననకూడదు గానీ... బావగారి కళ్ళు ఒకసారి చూపిస్తే...”

“ఎవరికి చూపించమంటావురా?” అందావిడ. “ఒకరు చెప్తే వినే మనిషేనా? ఆ పాప మొహం నా కళ్ళముందు నుంచి పోవట్లేదు.”

భోజనాల దగ్గర ఆవిడ కంచం ముట్టుకోలేదు. చూసి చూసి ఆయనే దిగొచ్చాడు.

“సరేలే. రేపు చూపించుకుంటాను. ఊళ్ళోవాళ్ళకి బండి నడపడం రాకపోతే నా కళ్ళకి పరీక్ష! ఏం రోజులొచ్చాయో.”

మర్నాడు పొద్దున్న కంటి ఆస్పత్రికి ఆవిడే కారు నడిపింది. గేటు దగ్గర ఆపి ఆయన వైపు తిరిగింది.

“మాటిచ్చారు. ముందు మీ కళ్ళు. ఆ తర్వాతే ఇంకేదైనా. నేను కారు పెట్టి వస్తాను.”

“సరే, సరే.”

లోపల బెంచీల నిండా జనం. కంటికి దూది అంటించుకున్నవాళ్ళు, నల్లద్దాలవాళ్ళు, వాళ్ళని పట్టుకొచ్చినవాళ్ళు. ఎవరిదో సంచి కాలికి తగిలి ఆయన తూలాడు.

“నడిచే దారిలో మూటలు పెడతారా? మనుషులా, పశువులా?”

ఒక ముసలాయన గబుక్కున సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయన గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వెనక్కి చూశాడు. భార్య ఇంకా రాలేదు.

ఇంతలో నర్సు ఎదురొచ్చి, “గుడ్ మార్నింగ్ డాక్టర్‌గారూ, మొదటి శుక్లం ఆపరేషన్‌కి పేషెంటుని టేబుల్ మీద పడుకోబెట్టాం” అంటూ థియేటరు తలుపు తీసి పట్టుకుంటే, భార్య వచ్చేలోపే ఆయన గబగబా లోపలికి వెళ్ళిపోయాడు.