నాన్నతో ఒక్క ముక్క

"సంతకం పెట్టను. ఈ సినిమా బయటికి వెళ్ళడానికి వీల్లేదు."

పెద్దాయన కాగితాన్ని బల్ల అవతలికి తోసేశాడు. ఎడిటరమ్మకి ఏడు నెలల చాకిరీ అది. యుద్ధంలో ఉన్న ఓ కుర్రాడు తన ఫోన్‌తో తనని తానే తీసుకున్న వీడియోలన్నీ ఏరి, కూర్చి, గంటన్నర సినిమా చేసింది. కుర్రాడు తిరిగి రాలేదు, ఫోన్ వచ్చింది. వాళ్ళక్క దాన్ని తెచ్చి, "చూసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదండీ, మీరే చూడండి" అని చేతిలో పెట్టి వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది. ఎల్లుండే మొదటి ఆట. తండ్రి సంతకం లేకపోతే పడ్డ పాట్లన్నీ నీళ్ళపాలే.

ఎడిటరమ్మ టేబుల్ లైటుని తన మొహం మీదికి తిప్పుకుంది. ముప్పై ఏళ్ళు బాయిలర్ల ఫ్యాక్టరీలో ఇనప రేకుల మీద సుత్తి ఆడించి పెద్దాయన రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పెదాలు చూసి మాట పట్టేస్తాడు.

"ఏం నచ్చలేదు బాబాయ్‌గారూ? ఇందాకటిదాకా నవ్వుతూనే చూశారు కదా!"

నవ్వాడు, నిజమే. సగం మగ్గు నీళ్ళతో గడ్డం గీసుకోవడం ఎలాగో కుర్రాడు మాస్టారి ఫోజులో పాఠం చెబుతుంటే, తెర కింద అక్షరాలు చదువుకుంటూ పెద్దాయన తొడ చరుచుకున్నాడు. "ఇంట్లో ఉన్నప్పుడు బిందెడు నీళ్ళు ఒలకబోసేవాడు వెధవ!" అన్నాడు. కందకంలో ఒంటికాలి బూటుతో గెంతుతుంటే, "చిన్నప్పుడూ ఇంతే. బడికి రెండు జోళ్ళతో వెళ్ళి ఒక్కదానితో వచ్చేవాడు" అని కళ్ళు తుడుచుకున్నాడు. తెర మీద కొడుకు కనపడుతున్నంతసేపూ ఆయనకి పదేళ్ళు వయసు తగ్గినట్టే ఉంది.

ఇప్పుడు మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు.

"వాళ్ళమ్మతో మాట్లాడాడు. అక్కతో మాట్లాడాడు. తన సైకిల్ ముట్టుకుంటే తాట తీస్తానని మేనల్లుణ్ణి బెదిరించాడు. ఆఖరికి కందకంలోకి దూరిన కుక్కతో కూడా పావుగంట కబుర్లు చెప్పాడు. మరి నాతో?"

పెద్దాయన మడిచిన వేళ్ళు విప్పేశాడు.

"వెళ్ళే రోజు గొడవపడ్డాం. వద్దురా అన్నాను, వినలేదు. వెళ్ళావంటే మళ్ళీ నాకు మొహం చూపించకు అన్నాను. కోపంలో సవాలక్ష అంటామమ్మా! వాడు మనసులో పెట్టుకున్నాడు. ఆ బరువేదో నేను చచ్చేదాకా మోసుకుంటాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి నలుగురి ముందూ పరవకు తల్లీ."

"అది కాదు బాబాయ్‌గారూ..."

"పోనీ, వెతికి చూడు. నాన్నా అని వాడు నన్ను పలకరించిన ఒక్క ముక్క చూపించు. ఒకటేం ఖర్మ, పది సంతకాలు పెడతాను."

ఎడిటరమ్మ మనసులో ఓ దొంగ ఆలోచన మెదిలింది. వాళ్ళమ్మతో మాట్లాడిన క్లిప్పులో అక్షరాలు మార్చేస్తే? మార్చొచ్చు, కానీ పెదాలు చదివే మనిషి దగ్గరా ఆ వేషాలు? పైగా ఈ ముసలాయన్ని మోసం చేసి తను ఏ మొహంతో ఆ సినిమా చూస్తుంది? సిగ్గేసింది.

"మాట ఉన్న ప్రతి క్లిప్పూ చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని రెండేసిసార్లు విన్నాను బాబాయ్‌గారూ," అంది మెల్లగా. "లేదు."

పెద్దాయన తలాడించాడు. కుర్చీ చేతుల మీద బరువానించి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు, తెర మీద ఆగిపోయి ఉన్న కొడుకు నవ్వు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"చెవులు పోయాక ఇంట్లో అందరూ నాతో అరిచి మాట్లాడేవాళ్ళమ్మా. వాళ్ళమ్మ కేకలకి పక్కింటివాళ్ళు తలుపులు తీసేవాళ్ళు. వాడొక్కడే అరిచేవాడు కాదు. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని, గొంతు బయటికి రానీకుండా ఉత్త పెదాలు కదిపేవాడు. వినపడని మనిషికి గొంతెందుకు నాన్నా, దండగ అనేవాడు." ఆయన మొహంలోకి మళ్ళీ ఆ పాత వెలుగొచ్చింది. "వాళ్ళమ్మ పక్కనే కూర్చుని వడ్డిస్తుంటే, ఆవిడ మీదే ఎన్ని చాడీలు చెప్పుకున్నామో! పన్నెండేళ్ళు అలాగే మాట్లాడుకున్నాం. నా ముందు వాడు గొంతెత్తింది ఒక్కసారే, ఆ గొడవ రోజున. మెడ నరాలు ఉబ్బితే తెలిసింది నాకు."

ఎడిటరమ్మ గబుక్కున లేచింది. గుమ్మం దగ్గరికి పరుగున వెళ్ళి, పెద్దాయన రెండు భుజాలూ పట్టుకుని తీసుకొచ్చి, మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఏమిటమ్మా అంటున్నా ఆగకుండా మౌస్ అందుకుంది.

"మైకు పాడు, పనికిరావు" అని తన చేత్తో తనే పేరు పెట్టి మూల పడేసిన నలభై ఒక్క క్లిప్పుల్లో మొదటిది తెరవగానే, కుర్రాడు ఫోన్‌కి మొహం దగ్గరగా తెచ్చి, నవ్వుతూ పెదాలు కదపడం మొదలుపెట్టాడు.