సంతకం అక్కర్లేని సాయం

"ఆ దుప్పటి ఒకసారి వెనక్కివ్వమనండి. బ్యానర్ మీది మంత్రిగారి చెవి ఫొటోలో పడలేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

భూకంపంలో ఇల్లు కూలిన ఆ పరాయిదేశపు ముసలామె అదే దుప్పటిని మూడోసారి అందుకుంది. ఈసారి ఏదో అడిగింది. దుబాసీ నీళ్లు నమిలాడు.

"ఏమంటోందయ్యా?" అన్నాడు సహాయ బృందం నాయకుడు.

"ఆ పెద్దాయన వానకి కారతాడా అంటోంది సార్."

"ఎవరు, మంత్రిగారా?"

"బ్యానర్ సార్. గుడారాలేవీ అని కూడా అడుగుతోంది."

గుడారాల ఫైలు మీద రాజధానిలో ఇంకా సంతకం కాలేదు. బ్యానర్‌కి సంతకం అక్కర్లేదు కాబట్టి అది ముందే విమానమెక్కింది.

చినుకులు మొదలయ్యాయి.

"విప్పండి దాన్ని," అన్నాడు నాయకుడు.

"పైనుంచి అక్షింతలు పడతాయి సార్," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ప్రస్తుతానికి వాన పడుతోంది. ఆ కొస పట్టుకో."

కాసేపటికి మంత్రిగారి చిరునవ్వు కింద ముసలామె, ఆమె మనవలు ముడుచుకు కూర్చున్నారు. ఒక్క చుక్క కారలేదు.

నాయకుడు రాజధానికి ఫోన్ చేశాడు.

"గుడారాల సంతకం నిదానంగానే కానివ్వండి సార్. ఈలోగా ఇంకో నలభైమంది మంత్రిగార్లను విమానం ఎక్కించండి."