పసుపుపచ్చ కోటు

"మూడున్నరకల్లా బయటుండాలి. ఒక్క నిమిషం దాటినా నేనే లోపలికొస్తా," అన్నాడు కర్ట్.

"అలాగే," అంది లినెట్.

డిస్కౌంటు షాపు తలుపులకి సరిగ్గా ఎదురుగా ట్రక్కు పెట్టుకుని కూర్చున్నాడతను. ఆమె ఒంటిమీది పసుపుపచ్చ కోటు అతను కొనిచ్చిందే. మంచులో మైలు దూరానికైనా కనిపిస్తుంది. అందుకే కొన్నాడు.

లోపల క్రిస్మస్ జనం. సగం ధర, సగంలో సగం ధర అని మైకులో ఒకటే గోల.

లినెట్‌కి కావలసింది ఒక్కటే. ఎవరి కంటా పడని రంగులో, తన దగ్గరున్న కాస్త డబ్బుకి వచ్చే కోటు. అది తొడుక్కుని, జనంలో కలిసి బయటపడాలి. పక్కనే ఉన్న పెట్రోలు బంకు దగ్గరికి మూడూ ఇరవైకి మిన్నియాపొలిస్ బస్సు వస్తుంది. టికెట్టు బూటులో ఉంది.

కర్ట్ చూస్తే?

కిందటిసారి రెండు పక్కటెముకలు విరిగాయి. మంచుమీద జారిపడ్డానని డాక్టరుకి చెప్పింది. ఈసారి చెప్పడానికి తను మిగులుతుందో లేదో.

ఎర్రచీటీలు తగిలించిన వరసంతా గాలించింది. గులాబీ, నారింజ, చిలకపచ్చ. చవగ్గా ఉన్నవన్నీ కళ్లు చెదిరే రంగులే.

"అవి నీకొద్దు," అన్నారెవరో.

వెనక్కి తిరిగింది. తోపుడుబండి నిండా సామానేసుకుని ఒక ముసలావిడ. ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నట్టుంది.

"నీ ఒంటిమీదున్న కోటు నాకిచ్చెయ్ అమ్మాయ్. దానికి మారుగా మంచిది చూపిస్తా."

"వద్దండీ."

"బేరమాడితే అంత ఉలికిపాటెందుకు? నేనేం కొరుకుతానా?"

ముసలావిడ స్నానం తువ్వాళ్ల వరసలోకి చెయ్యి పెట్టి, వాటి వెనకనించి ఒక కోటు లాగింది. బూడిదరంగు. తలమీదికి కప్పుకునే టోపీ కూడా ఉంది.

"రెండు వారాలయింది ఇక్కడ దాచి. ఇవాళే ధర దిగింది. ఈ ఊళ్లో సగంమంది చేసే పనే, అలా చూడకు."

"మరి మీకోసం దాచుకుంది నాకెందుకిస్తున్నారు?"

"నాకు పసుపుపచ్చంటే ఇష్టం. ఇద్దరిదీ ఒకటే ఒడ్డూపొడుగు."

ఈ ఊరు కర్ట్ పుట్టిన ఊరు. అతనికి తెలియనివాళ్లు లేరు. ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉన్నా లినెట్‌కి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, ఉండనివ్వలేదు. ఈవిణ్ణి అతనే పంపాడా?

"మంచు పడే రోజుల్లో బస్సు అయిదు నిమిషాలు ముందే కదుల్తుంది," అంది ముసలావిడ గొంతు తగ్గించి.

ఎవరైనా విన్నారేమోనని లినెట్ చుట్టూ చూసింది.

"బస్సా? నాకు బస్సెందుకు?"

"గోడ గడియారాన్ని అన్నిసార్లు చూసేది ఇక్కడ పనిచేసేవాళ్లూ, బస్సెక్కేవాళ్లూ. నువ్విక్కడ పనిచెయ్యవుగా."

బూడిదరంగు కోటు లాక్కుని, తొడిగి చూసుకునే గదులవైపు దాదాపు పరుగెత్తింది లినెట్.

"మీ కోటు ఇక్కడ తగిలించండమ్మా," అంది అక్కడి ఉద్యోగిని ట్రూడీ, కొక్కెం చూపిస్తూ. "పండగ దొంగతనాల కాలం. సొంత కోట్లు లోపలికి వద్దంటున్నారు."

గదిలో గడియ వేసుకుంది. గబగబా గుండీలు పెట్టుకుంది. కోటు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

బయటికొచ్చి చూస్తే కొక్కెం ఖాళీ.

"నా కోటేది?"

"ఇర్మాగారు తొడుక్కెళ్లారు. మీరే ఇచ్చారన్నారే? మీ ఒంటిమీదున్నదానికి డబ్బు కూడా కట్టారు. బిల్లు ఇదిగో."

లినెట్ అద్దం తలుపుల దగ్గరికి పరుగెత్తింది.

పసుపుపచ్చ కోటు, దాని టోపీ ముఖంమీదికి లాక్కుని, తిన్నగా కర్ట్ ట్రక్కు వైపే నడుస్తోంది.

చెప్పేస్తుంది. అంతా చెప్పేస్తుంది.

"దొంగముండ," అంది లినెట్.

కోటు ట్రక్కు ముందుకొచ్చింది. ఆగలేదు. తలవంచుకుని వడివడిగా దాటి, బస్సు వచ్చేవైపు కాక, సరస్సు రోడ్డువైపు మళ్లింది.

ట్రక్కు కదిలింది. పది గజాలు ఎడం వదిలి, మెల్లగా వెనకే. ఎక్కడికి పోతుందో చివరిదాకా చూసి, అప్పుడు పట్టుకోవడం కర్ట్‌కి సరదా.

బంకు దగ్గర బస్సు వచ్చి ఆగింది. ఇటు చూసేవాడెవడూ లేడు.

తలుపుమీద చెయ్యి వేసి కూడా లినెట్ కదల్లేకపోయింది. పట్టుకున్నాక ఆ ముసలిప్రాణాన్ని ఏం చేస్తాడు?

"ఎవరండీ ఆవిడ?" అంది, వెనకే వచ్చిన ట్రూడీతో.

"ఇర్మాగారా? పిచ్చితల్లి. ఏటా ఈ రోజుల్లో కొడుక్కని ఓ చొక్కా కొంటుంది. వాడు గుమ్మం తొక్కనివ్వడు. జనవరిలో తెచ్చి వాపసిస్తుంది. పైగా బయటి ఊళ్లవాళ్లకి తల్లి చచ్చిపోయిందని చెప్పుకుంటాట్ట."

బస్సు హారన్ మోగింది.

"ఏ కొడుకు?" అంది లినెట్.

ట్రూడీ అద్దంలోంచి వేలు చూపించింది.

"అదిగో, ఆవిడ వెనకే పోతున్నాడు చూడండి, ఆ ట్రక్కులో ఉన్నవాడే."