ఏడో వరుస, పన్నెండో గోరీ

"మీ క్యాంపులో కనపడకుండా పోయినోళ్లు ఎవరన్నా ఉండారా అన్నా?"

శుక్రవారం మధ్యాహ్నం, కోడికూర పొయ్యి మీద ఉడుకుతుండగా వచ్చి ఇలాంటి ప్రశ్న అడిగేవాణ్ని ఎవరు నమ్ముతారు?

సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లోని ఆ లేబర్ క్యాంపులో ఎవరూ నమ్మలేదు.

వచ్చినవాడి పేరు దిలావర్. రాయచోటి మనిషి, యాభై ఏళ్లుంటాయి. డ్రైవర్‌నని చెప్పుకున్నాడు గానీ వచ్చింది కాలినడకన. చంకలో లావుపాటి నోటుబుక్కు ఉంది.

"ఎందుకు భాయ్?" అన్నాడు బుచ్చన్న గరిటె దించకుండానే. క్యాంపులో అందరికంటే పెద్దవాడు, అనుమానంలో కూడా.

"ఈ చుట్టుపక్కల గోరీలు రాసుకుంటా ఉండాను. ఏ వరుసలో ఎవరుండారో అని. ఈడ పేర్లు రాయరు గదా, వట్టి రాయి పెడ్తారు. మన తెలుగోళ్లు ఉంటే ఇంటోళ్లకి తెలపాల."

బుచ్చన్న నవ్వాడు. "మావోళ్లు ఎవలన్న సచ్చిపోతే పెట్టెల వెట్టి ఇంటికి తోలుతరు. గోరీలల్ల ఎందుకుంటరు?"

"ఉంటారన్నా. కాయితాలు లేనోళ్లు ఉంటారు."

ఆ మాటకు పళ్లేలు కడుగుతున్న లక్ష్మణ్ తలెత్తాడు.

లక్ష్మణ్ ఈ దేశం వచ్చింది తాపీపనికే అయినా అతని అసలు పని వేరు. నాలుగేళ్ల కిందట అతని అన్న బాలన్న, వీసా ఇచ్చి పనికి తెచ్చిన కఫీల్ దగ్గర నుంచి పారిపోయి ఖల్లివెల్లి అయ్యాడు. అంటే ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు లేకుండా, పోలీసుల కంటపడకుండా ఎక్కడో పనిచేసుకునేవాడన్నమాట. రెండు నెలలు ఫోన్లు చేసి ఆపేశాడు. వదిన పుష్ప ఇప్పటికీ ఫోనెత్తగానే "మీ అన్న జాడ దొరికిందా?" అనే అడుగుతుంది. ఆ జాడ కోసమే లక్ష్మణ్ వచ్చాడు.

దిలావర్ నోటుబుక్కు తెరిచాడు. "బాలన్న అని, జగిత్యాల దిక్కు మనిషి. తమ్ముడొకడు ఉండాడని చెప్పినాడు. మీకేమన్నా తెలుసునా?"

లక్ష్మణ్ చేతిలోని పళ్లెం పక్కన పెట్టి లేచాడు.

అన్న పేరు వీడికెలా తెలుసు? ఖల్లివెల్లి వాళ్ల పేర్లు రాసుకుని తిరిగేది ఎవరు? పోలీసులు, లేదా పోలీసులకు కబుర్లు మోసేవాళ్లు. తమ్ముణ్ని పట్టుకుంటే అన్న దొరుకుతాడని వచ్చాడు!

అంటే అన్న బతికే ఉన్నాడు. లేకపోతే వీళ్లకు వెతకాల్సిన అవసరమేముంది? నాలుగేళ్లలో మొదటిసారి లక్ష్మణ్‌కు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. అది బయటపడకుండా గొంతు గట్టి చేసుకున్నాడు.

"ఆయన నీకేమైతడు?"

"అది ఆయన సొంతోళ్లకే చెప్తా తమ్ముడూ. వేరేవాళ్లకు చెప్పే మాట కాదు."

"నీ ఇకామా చూపియ్యి."

"లేదు."

"డ్రైవర్ అంటివి. ఇకామా లేకుంట బండెట్ల నడుపుతున్నవ్?"

"ఇప్పుడు నడపడం లేదు." దిలావర్ అతని మొహం వంక పరీక్షగా చూశాడు. "మీది జగిత్యాల దిక్కేనా? నీ కండ్లు ఆయన మాదిరే..."

"నాకు అన్ననే లేడు! ఇగ నడువు!"

దిలావర్ నోటుబుక్కు మూశాడు. "సరేలే. పొద్దుగూకేదాకా గేటు కాడ కూర్చుంటా. ఎవరికన్నా గుర్తొస్తే చెప్పండి."

అన్నట్టే పోయి గేటు పక్క నీడలో కూర్చున్నాడు. బుచ్చన్నకు ఒళ్లు మండింది.

"జూసినవా, పోతలేడు. మనల్ని కాపలా కాస్తుండు."

"ముదీర్‌కు చెప్దామా అన్నా? ఇకామా లేదని వాడే అన్నడు గదా."

"చెప్పు. నిజంగ పోలీసుల మనిషైతే వాళ్లే సలాం కొట్టి ఇడిసిపెడ్తరు. కాకుంటే దొంగనే."

లక్ష్మణ్ ఆఫీసు గదికి పరుగెత్తాడు. క్యాంపు చూసుకునే ముదీర్ ఫోన్ చేశాడు. అరగంటలో జీపు వచ్చింది.

పోలీసులు సలాం కొట్టలేదు. చేతులకు బేడీలు వేశారు.

దిలావర్ పెనుగులాడలేదు. జీపు ఎక్కబోతూ, చంకలోని నోటుబుక్కును గేటు దగ్గర నిలబడ్డ లక్ష్మణ్ ముందు జారవిడిచాడు.

"పారేయొద్దు తమ్ముడూ. బాలన్న తమ్ముడు ఎప్పుడన్నా కనపడితే ఇయ్యి."

జీపు వెళ్లిపోయింది. లక్ష్మణ్ నోటుబుక్కు తీసి తిరగేశాడు.

పేజీల నిండా శ్మశానాలే. హఫర్ అల్ బాతిన్, తబూక్, ఇంకా ఎన్నో చిన్న ఊళ్లు. వరుస, గోరీ లెక్క, తేదీ. కొన్నిచోట్ల పేరు, కొన్నిచోట్ల "తెలియలేదు" అని.

మధ్యలో ఒక పేజీకి మడత పెట్టి ఉంది.

"బాలన్న. జగిత్యాల పక్కన. ఊరు చెప్పలేదు, ఖల్లివెల్లి వాళ్లు చెప్పరు. గోడ నుంచి ఏడో వరుస, పన్నెండో గోరీ. గుండెనొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకుపోయినా. ఇకామా లేకుంటే చేర్చుకోము అన్నారు. వేరే మనిషి ఇకామా ఇచ్చి, ఆ పేరు మీద చేర్పించినా. బతికించుకోవాలని చేసిన పని. రెండో రోజు పోయినాడు. ఆ పేరు మీదే పూడ్చిపెట్టినారు. కాయితాల లెక్కన ఆ పేరు మనిషే చచ్చిపోయినాడు. తమ్ముడు వచ్చి 'ఈయన మా అన్న' అని ఒక్క మాట చెప్తే చాలు, మేమిద్దరమూ ఇంటికి పోతాము."

లక్ష్మణ్ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అన్న పోయాడు. తాను అన్నే లేడన్నాడు.

"ఏమైందిరా?" అంటూ బుచ్చన్న వచ్చాడు. లక్ష్మణ్ పేజీ చూపించాడు.

బుచ్చన్న కూడబలుక్కుని చదివి చివర్లో ఆగాడు. "ఇద్దరమేందిరా? రెండోవాడెవడు?"

రోడ్డు మీద జీపు రేపిన దుమ్ము అప్పటికే అణిగిపోయింది.

లక్ష్మణ్ కళ్లు తుడుచుకుని, ఆ పేజీకి పిన్ను పెట్టి ఉన్న మరణపత్రంలో అరబిక్ కింద ఇంగ్లీషులో ఉన్న పేరు ఒక్కో అక్షరమే చదివాడు: షేక్ దిలావర్, రాయచోటి.