ఖైదీ సైకిలు

ఆయుధపూజ నాడు ఎవరిమీదా కోపపడకూడదంటారు. ఏకాంబరానికి ఏటా ఆ రోజే ఎక్కడలేని కోపమూ వచ్చేది.

చిత్తూరు చర్చి వీధిలో అతని సైకిల్ షాపు. స్పానర్లు, సుత్తి, గాలిపంపు అన్నీ కడిగి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి గోడవారగా పేర్చాడు. మర్నాడు పొద్దున దాకా వాటిని ముట్టకూడదు. వచ్చినవాళ్ళు హారతి పళ్ళెంలో చిల్లర వేసి, పిడికెడు బొరుగులూ పుట్నాలూ తీసుకుని పోతున్నారు.

ఆ పనిముట్ల మధ్యలో నల్లరంగు పూసిన పాత పందెం సైకిలు ఒకటి. రెండేళ్ళ కిందట పోయిన నాయన, మునివెంకటప్పది.

దాని ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ లేదు, రెండు రంధ్రాలే ఉన్నాయి. ఏ కంపెనీదో, ఏ కాలం నాటిదో చెప్పగలిగినవాడు ఊళ్ళో లేడు. ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం అందరికీ తెలుసట.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మునివెంకటప్ప బెంగుళూరులో, ఇటలీ ఖైదీల క్యాంపులో వంటపనికి ఉన్నాడు. తిరిగొచ్చిన కొన్నేళ్ళకు ఈ సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. ఖైదీల దగ్గర కొట్టేసి, ఇన్నాళ్ళూ దాచి తెచ్చాడని ఊరు తేల్చేసింది. పోలీసులు రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి వదిలేశారు. ఊరు ముప్పై ఏళ్ళయినా వదల్లేదు. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి ఏం పెడతాం?

"ఇది మునివెంకటప్ప సైకిలు కదప్పా?"

గుమ్మంలో ఎవరో ముసలాయన. తలకు తుండుగుడ్డ, సంకన గుడ్డసంచి.

"అయితే ఏమి?"

"ఆయన ఉండాడా?"

"సచ్చిపోయి రెండేండ్లు."

ముసలాయన గోడ పట్టుకుని, కుడికాలు చాపుకుని, సైకిలు పక్కన నేలమీదే కూర్చున్నాడు. వెనక చక్రం పక్కనున్న రెండు కడ్డీలను వేలితో తడిమాడు.

"ముట్టొద్దు పెద్దాయనా. పూజలో ఉండాది."

"బియాంకి ఇది. ఇటలీది. ఫోల్గోరిస్సిమా అనే రకం. నలభై తొమ్మిదిలో చేసింది."

ఏకాంబరం చేతిలో బొరుగులు అలాగే ఉండిపోయాయి.

"దోవ అడిగితే 'ఖైదీ సైకిలు షాపా' అన్నారు. ఎందుకట్లంటారని అడిగి తెలుసుకున్నా," అన్నాడు ముసలాయన. "ఈ కడ్డీలు సూడు. ఒకటి చక్రం వదులు చేసేదానికి, ఇంకోటి చైను జరిపేదానికి. ఎనక్కి తొక్కుతా మార్చాల. ఈ గేరు అంగట్లోకి వచ్చిందే యుద్ధం అయిపోయినాక. క్యాంపు ఎత్తేసినాక చేసిన సైకిలును క్యాంపులో ఎట్ల కొట్టేస్తాడప్పా మీ నాయన?"

ఈ మాట కోసమే ఏకాంబరం బుద్ధి తెలిసినప్పటినుంచీ కాచుకుని ఉన్నాడు. అది ఇంత ఆలస్యంగా, ముక్కూమొగం తెలియనివాడి నోట వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది.

"రంగు గీకి సూడు," అన్నాడు ముసలాయన. "లోపల లేత నీలిపచ్చ ఉంటాది. సీటు కింద గొట్టం మీద నెంబరు ఉండాది. ఆఖర్న నాలుగు, ఒకటి, ఏడు."

"ఈ పొద్దు ఎవురూ పనిముట్టు ముట్టరని తెలిసే నెంబరు చెప్తాండావు. రేపు నేను గీకేటప్పటికి నువ్వు యాడుంటావో. పోయినేడు బెంగుళూరోడు ఒకడు ఇట్లనే కతలు చెప్పి, పాత ఇనుము ధరకు ఎత్తకపోదామని సూసినాడు."

"నేను కొనేదానికి రాలేదప్పా. నేను..."

"కతలకు మా నాయన చాలడా? బెంగుళూరు దోవలో, మొగిలి ఘాట్లో ఎవురో సైకిలు మీద నించి పడిపోయినాడంట. ఈయన ఆస్పత్రికి మోసినాడంట. ఆ మనిషి సైకిలు ఇచ్చేసినాడంట. పేరు అడగలేదంట, ఊరు అడగలేదంట. ముప్పై ఏండ్లు చెప్పినాడు. ఎవురూ నమ్మలా."

"నువ్వు?"

ఏకాంబరం పళ్ళు కొరికాడు.

"ఆఖరి రోజు మంచం కాడ కూసోని, ఇప్పుడన్నా నిజం చెప్పు నాయనా, యాడ కొట్టుకొచ్చినావని అడిగినా. గోడ పక్కకు తిరుక్కున్నాడు. మళ్ళా మాట్లాడలా."

పెళ్ళానికి కూడా చెప్పని మాట అది. దారిన పోయేవాడి ముందు కక్కేసినందుకు అతనికి తన మీదా, ఆ ముసలాయన మీదా పట్టరాని కోపం వచ్చింది.

"ఇంత తెలిసినోడివి ముప్పై ఏండ్ల నాడు రావాల్సింది. ఇప్పుడెందుకు? పో ఈణ్ణించి."

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. పళ్ళెంలో ఏదో వేశాడు. కుంటుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

వీధిలో పిల్లలకూ బిచ్చగాళ్ళకూ పెట్టిన బొరుగులు ఆయనకు మాత్రం పెట్టలేదు ఏకాంబరం.

తెల్లవారగానే మొట్టమొదట బ్లేడు అందుకున్నాడు. ముసలాడు అబద్ధాలకోరని తేల్చుకుంటే గానీ కాఫీ దిగేట్టు లేదు.

నాయన ఏటా ఆయుధపూజకు ఒక పూత నల్లరంగు వేసేవాడు. అది పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అడుగున లేత నీలిపచ్చ కనిపించింది. సీటు కింద ఇంకాస్త గీకాడు. ఒక్కొక్క అంకే బయటపడింది. చివర్న నాలుగు, ఒకటి, ఏడు.

నల్లరంగు పడకముందు ఈ సైకిలును చూసినవాడికి తప్ప ఆ నెంబరు తెలిసే దారి లేదు.

ఏకాంబరం లేచి హారతి పళ్ళెం నేలమీద కుమ్మరించాడు. చిల్లర నాణేల మధ్య, బొటనవేలంత ఇత్తడి బిళ్ళ. దానిమీద గద్ద బొమ్మ.

దాన్ని సైకిలు ముందు గొట్టానికి ఆనించాడు. రంధ్రాలు రెండూ సరిగ్గా కలిశాయి.

నాయన కథలో ఎవరూ చివరిదాకా వినని ముక్క అప్పుడు గుర్తొచ్చింది. "బిళ్ళ మాత్రం ఆ మనిషి గుర్తుకు పీక్కున్నాడు లేరా. ఎప్పుడో ఒకనాడు తెస్తాడు, నువ్వే సూస్తావు."

నిన్న ఈ షాపులో కాలు చాపుకుని కూర్చుని, మునివెంకటప్ప ఎట్లా పోయాడో కొడుకు నోటనే విని, పిడికెడు బొరుగులు కూడా లేకుండా వెళ్ళిపోయింది ఆయనే.