రాగం ఉంది, సాక్ష్యం లేదు

మహేందర్ రెండో ఆల్బం విన్నాక విమలమ్మ అతణ్ణి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పిలిపించింది.

ఆమె రిటైర్డ్ టీచర్. కొత్త ఆల్బంల మీద క్రైస్తవ మాసపత్రికకు సమీక్షలు రాస్తుంది. కీర్తన, జానపదం, ర్యాప్, సినిమా పాట, ఏదైనా సరే చివర తీర్పు ఒక్కటే: విశ్వాసి ఇంట్లో వినవచ్చు, లేదా వినకూడదు. ఆమె వద్దన్న గాయకుణ్ణి ఆ చుట్టుపక్కల ఏ సభలకూ పిలవరు.

మహేందర్ మొదటి ఆల్బంకు ఆమె రాసింది: "రాగం ఉంది, సాక్ష్యం లేదు." రెండేళ్లు అతణ్ణి ఎవరూ పిలవలేదు.

ఈసారి తొమ్మిదో ట్రాక్ పాట కాదు, సాక్ష్యం. పాపం ఒప్పుకుని మారిన కథ. మూడేళ్ల కింద, వానలో, ఎల్లారెడ్డి రోడ్డు మీద ఒక మనిషిని గుద్ది ఆగకుండా పోయానని, ప్రభువు క్షమించాడని అందులో చెప్పాడు.

"ఎవరా మనిషి?" విమలమ్మ పెన్ను మూత తీసింది.

"పేరెందుకు టీచరమ్మా?"

"దేవుని ముంగట చెప్పినోనికి మనుషుల ముంగట భయమేంది?"

మహేందర్ నవ్వాడు. "పేపర్ల వచ్చిందే గద. బీడీ కార్ఖాన రాజేశం."

"ఏం బండి?"

"కారు."

"తెల్లదా?"

"ఆఁ, తెల్లదే."

"ఎడమ లైటు పగిలిందా?"

అతను ఆమె పెన్ను వైపు చూశాడు. "పగిలింది."

ఆమె రాసుకుంది.

"గింత పెద్ద పాపం ఏ ఆల్బంల ఇనలే బిడ్డా."

"గందుకే పెట్టిన. తాగుడు బంద్ చేసిన సాక్ష్యం అందరు చెప్తున్నరు. గదిప్పుడు ఎవరింటరు?" గొంతు తగ్గించాడు. "పోలీసోళ్లు చదువుతరా మీ పత్రిక?"

"వాళ్లకు పాటలినే తీరికేడిది?"

"ఈస్టర్ సభలకు పిలుస్తరు గద టీచరమ్మా? ఈసారి గూడ పిలవకుంటే పాట బంద్ జేసి ఆటో నడుపుకోవాలె."

"ముందు సంతకం పెట్టు. పత్రికల తప్పు పడొద్దు."

రాసిందంతా చదివి సంతకం పెట్టాడు. వందనాలు చెప్పి, పాడుకుంటూ బస్టాండుకు నడిచాడు.

విమలమ్మ సమీక్ష పూర్తి చేసింది. తీర్పు: "ప్రతి ఇంట్లో వినవలసింది." తర్వాత సంతకం ఉన్న కాగితాన్ని, ఆల్బం ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఒక కవర్లో పెట్టి, పైన పోలీస్ స్టేషన్ అడ్రసు రాసింది.

మూడేళ్ల కింద రాజేశాన్ని గుద్దిన కారు నడిపింది విమలమ్మ.